మెడ లాగినప్పుడే బిళ్ళ

మా పెద్దమామయ్య చొక్కా జేబులో ఎప్పుడూ మూడు వస్తువులుంటాయి. పెన్ను, మడతపెట్టిన జేబురుమాలు, సగం వాడిన బీపీ బిళ్ళల అట్ట. పది బిళ్ళల అట్ట పది రోజుల్లో అయిపోవాలి. ఆయన జేబులో అది నెలన్నర బతుకుతుంది. తెనాలి పక్క ఊళ్లో, హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి ఈ భాగహారం రాదనుకోవడానికి వీల్లేదు.

"రోజూ వేసుకోమన్నారు గదా మామయ్యా" అంటే, "అవసరమైనప్పుడు వేసుకుంటూనే ఉన్నా గదరా" అంటాడు. అవసరం ఎప్పుడొస్తుందని అడిగితే మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి చూపిస్తాడు. "ఇదుగో, ఇక్కడ నరాలు లాగుతయ్. లాగినయ్యంటే పెరిగినట్టే. ఒక బిళ్ళ వేసుకుని గంటసేపు నడుం వాలిస్తే దిగిపోద్ది."

అత్తయ్య దీన్ని మొండితనం అంటుంది. డాక్టరుగారు నిర్లక్ష్యం అన్నారు. నేను చాలాకాలం బద్ధకం అనుకున్నాను. ముగ్గురిదీ తప్పే. మామయ్య చెప్పినదాన్ని ఆయన బోర్డు మీద లెక్క చేసినట్టు వరసగా పేర్చి చూస్తే ఒక్క మెట్టు కూడా జారలేదు. జబ్బుకు గుర్తు ఉంది, మెడ లాగడం. జబ్బుకు మందు ఉంది. మందు పనిచేసిందనడానికి రుజువూ ఉంది, గంటలో మెడ తేలికపడింది. మెడ లాగని రోజున జబ్బు లేదు కాబట్టి మందు అక్కర్లేదు. తప్పంతా దత్తాంశంలోనే. సాధన మొత్తం కరెక్టు.

అమెరికన్ మనస్తత్వవేత్త హోవర్డ్ లెవెంథల్ తన వృత్తి జీవితంలో ఎక్కువ భాగం ఇలాంటి దత్తాంశాల వెంటే తిరిగాడు. ఆయన చెప్పింది వింటే మన అమ్మమ్మకు తెలిసిన సంగతే కదా అనిపిస్తుంది. డాక్టరు పుస్తకంలో ఒక జబ్బు ఉంటుంది, రోగి బుర్రలో ఒక జబ్బు ఉంటుంది. పేరు ఒకటే, జబ్బులు రెండు. రోగి నడుచుకునేది తన బుర్రలో ఉన్నదాన్ని బట్టే. దానికి ఒక పేరూ గుర్తులూ ఉంటాయి. ఎందుకొచ్చిందో, ఎన్నాళ్లుంటుందో, ముదిరితే ఏం చేస్తుందో, దేనికి లొంగుతుందో, వీటన్నిటికీ జవాబులుంటాయి. ఎవరూ చెప్పకపోతే మనిషి తనే అల్లుకుంటాడు. పోయినసారి జ్వరం తగ్గిన తీరు, పక్కింటాయన ఆపరేషను, పెళ్లిలో ఎవరో అన్న మాట, నిన్న రాత్రి ఫోన్లో చూసిన వీడియో, అన్నీ ఆ అల్లికలో పోగులే.

లెవెంథల్ బృందం 1985లో ప్రచురించిన ఒక అధ్యయనం చదువుతుంటే అందులో మా మామయ్యే కనిపించాడు. బీపీకి చికిత్స తీసుకుంటున్నవాళ్లను వాళ్లు రెండు రకాలుగా అడిగి చూశారు. బీపీ పెరిగితే జనానికి తెలుస్తుందా? తెలియదని ఎక్కువమంది ఒప్పుకున్నారు. డాక్టర్లు అప్పజెప్పిన పాఠం అది. మరి మీకు? వాళ్లలోనే చాలామంది తమకు తెలుస్తుందన్నారు. తలనొప్పి అని ఒకరు, ముఖం వేడెక్కుతుందని ఒకరు, కంగారు పుడుతుందని ఇంకొకరు. పరీక్షలో రాసే జవాబు ఒకటి, బతుకులో వాడే జవాబు మరొకటి. మందు వేసుకుంటే తమ గుర్తులు తగ్గుతున్నాయనుకున్నవాళ్లు మందును మెరుగ్గా వాడారు, వాళ్ల బీపీ కూడా అదుపులో ఉంది. జ్వరంలాగా వచ్చి పోయే జబ్బనుకున్న కొత్త రోగులు మధ్యలో మానేయడం ఎక్కువగా కనిపించింది.

బీపీ పెరిగినా మనకు తెలియకపోవడానికి కారణం ఒంట్లో మీటరు లేకపోవడం కాదు. మీటర్లున్నాయి. మెడకు అటూ ఇటూ పైకి పోయే కెరోటిడ్ ధమని దవడ కింద రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర ఉన్నాయి, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపులోనూ ఉన్నాయి. రక్తం ఒత్తిడికి నాళం గోడ సాగితే అక్కడి నాడీ తంతువులు మెదడు అడుగుభాగానికి కబురు పెడతాయి. గుండె వేగం, నాళాల బిగువు క్షణాల్లో సర్దుకుంటాయి. మంచం మీంచి చటుక్కున లేచినా మనం తూలి పడిపోకుండా కాపాడేది ఈ ఏర్పాటే. కానీ ఆ కబురు కింది అంతస్తులోనే ఆగిపోతుంది, మన ఎరుకలోకి రాదు. పైగా బీపీ చాలాకాలం ఎక్కువగానే ఉంటే ఈ మీటర్లు ఆ ఎక్కువకే అలవాటుపడి దాన్నే మామూలుగా లెక్కగడతాయి. తమాషా ఏమిటంటే, మామయ్య చెయ్యి పెట్టి చూపించే చోటికి జానెడు లోపలే అసలు మీటరు ఉంది. ఆయన చూపించేది మాత్రం కండరాన్ని. రోజుకు రెండు పేపర్లు తల వంచుకుని అక్షరం పొల్లుపోకుండా చదివే మనిషికి మెడ లాగక ఏం చేస్తుంది?

బిళ్ళ సంగతీ చూద్దాం. ఆయనకు రాసింది ఆమ్లోడిపిన్. మింగాక ఆరు నుంచి పన్నెండు గంటలకు గానీ అది రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరదు. రోజూ వేసుకుంటే వారం తర్వాత గానీ రక్తంలో దాని స్థాయి నిలకడకు రాదు. గంటలో మెడ సర్దుకున్నది ఫ్యాను కింద నడుం వాల్చినందుకు. పేరు బిళ్ళకొచ్చింది. రోజూ వేసుకునే బిళ్ళ చేసే మేలు ఇంకెక్కడో, కంటికి కనబడకుండా జరుగుతుంది. ఎన్నో పరీక్షల ఫలితాలను కలిపి 2016లో లాన్సెట్ పత్రికలో వేసిన లెక్క ప్రకారం, బీపీ పై అంకె 10 తగ్గితే పక్షవాతం ముప్పు నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. రాని పక్షవాతాన్ని ఎవరు చూస్తారు? మెడ తేలికపడటం మాత్రం అందరికీ తెలుస్తుంది.

ఈ వ్యవహారం వెనక్కి కూడా నడుస్తుంది. గుర్తు కనబడితే దానికి జబ్బు పేరు వెతుకుతాం, సరే. జబ్బు పేరు చెబితే గుర్తులు వెతుక్కుంటాం కూడా. లెవెంథల్ సహచరులు 1989లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కాలేజీ విద్యార్థులకు బీపీ చూసి, చీటీ తీసినట్టు కొందరికి మాత్రం 'మీకు ఎక్కువగా ఉంది' అని చెప్పారు. అసలు అంకెతో సంబంధం లేదు. అలా విన్నవాళ్లు, జనం బీపీకి అంటగట్టే బాధలను తమలో ఎక్కువగా గుర్తించారు. షుగర్ రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రమే కాళ్లు తిమ్మిరెక్కడం మొదలైనవాళ్లు మీ ఎరుకలోనూ ఉండే ఉంటారు. వాళ్లు నటించడం లేదు. ఒళ్లు ఎప్పుడూ ఏదో ఒక చప్పుడు చేస్తూనే ఉంటుంది, పేరు దొరికాక ఆ చప్పుడు వినబడుతుంది.

పేరు తప్పు పడితే ప్రాణం మీదికి వచ్చే జబ్బు ఒకటుంది. నన్నడిగితే, తెలుగిళ్లలో అన్నిటికన్నా ఖరీదైన మాట 'గ్యాస్'. రాత్రి భోజనం చేశాక గుండెల్లో బరువుగా ఉంటే గ్యాస్. చెమటలు పడితే గ్యాస్. వాము నమలమంటారు, సోడా తాగమంటారు, కాసేపు అటూ ఇటూ నడవమంటారు. ఇందులో అమాయకత్వం కన్నా శరీర నిర్మాణం పాత్రే ఎక్కువ. గుండె నుంచీ అన్నవాహిక నుంచీ వచ్చే నొప్పి కబుర్లు వెన్నుపాములో దాదాపు ఒకే చోట చేరతాయి, ఎవరిది ఏదో మెదడుకే సరిగ్గా తేలదు. అప్పుడు తీర్పు చెప్పేది మన నమ్మకం. గుండెపోటు ఎలా ఉంటుందో సినిమాలు మనకు దశాబ్దాలుగా నేర్పాయి. హీరో తండ్రి ఎడమ చేత్తో గుండె పట్టుకుని మెట్ల మీద కుప్పకూలాలి. పైదవడా కిందిదవడా బిగుసుకోవడం, వాంతి రావడం, చేతులు బరువెక్కడం ఏ సినిమాలోనూ లేవు. గుండెపోటు ఇలా ఉంటుందని తాము ఊహించుకున్నదానికీ తమకు వచ్చినదానికీ పొంతన కుదరనివాళ్లు ఆసుపత్రికి ఆలస్యంగా చేరారని బ్రిటన్‌లో 2000లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. మూసుకుపోయిన నాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే గుండె కండరం అంత మిగులుతుంది. సోడా తాగిన గంట తిరిగి రాదు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఇంకో నమ్మకం కాచుకుని ఉంటుంది. మనవాళ్లు స్టెంట్‌ను 'స్టంట్' అంటారు. "స్టంట్ వేశారు, ఇంకేం భయం లేదు" అన్న మాటలో పంచరు అతికించిన ట్యూబు ఉంది. చిల్లు పూడింది, బండి మళ్లీ రోడ్డెక్కింది. మరి రోజూ ఈ గుప్పెడు బిళ్ళలెందుకు? స్టెంట్ వేసింది ఒక్కచోట. నాళాల గోడల్లో కొవ్వు పేరుకునే జబ్బు అన్నిచోట్లా అలాగే ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన బిళ్ళలను చెప్పిన గడువుకు ముందే మానేయడం ఆ స్టెంట్‌లోనే గడ్డ ఏర్పడటానికి పెద్ద కారణాల్లో ఒకటి. రిపేరు అయిపోయిందనుకున్న మనిషికి ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. పంచరు కథను తీసేసి, మరో కథ ఇస్తేనే ఎక్కుతుంది.

భయం మరీ ఎక్కువైనా కష్టమే. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో కీత్ పెట్రీ, ఎలిజబెత్ బ్రాడ్‌బెంట్ అనే పరిశోధకులు గుండెపోటు వచ్చినవాళ్లకు కాగితం, పెన్సిలు ఇచ్చి మీ గుండె ఇప్పుడెలా ఉందో గీయమన్నారు. కొందరు చెక్కుచెదరని గుండె గీశారు. కొందరు అందులో ఒక భాగాన్ని నల్లగా పులిమారు. మూడు నెలల తర్వాత ఎవరెలా కోలుకున్నారో చూశారు. పులుముడు ఎక్కువున్నవాళ్లు పనిలోకి ఆలస్యంగా వెళ్లారు, తాము కోలుకోలేదని ఎక్కువగా అనుకున్నారు. కండరం నిజంగా ఎంత దెబ్బతిన్నదో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష ఇది ముందుగా చెప్పలేకపోయింది. పెన్సిలు చెప్పింది. 2004లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అంతకు రెండేళ్ల ముందే పెట్రీ బృందం ఇంకో పని చేసి చూసింది. గుండెపోటు రోగులు ఆసుపత్రిలో ఉండగానే ఒక మనస్తత్వవేత్త మూడుసార్లు వాళ్ల దగ్గర కూర్చున్నాడు. నీ గుండె గురించి నువ్వేమనుకుంటున్నావని అడిగి, ఆ జవాబు దగ్గర్నుంచి మాట్లాడటం మొదలుపెట్టాడు. అలా మాట్లాడినవాళ్లు పనిలోకి త్వరగా వెళ్లారు, మూడు నెలలకు ఛాతీనొప్పి అన్నవాళ్లూ వాళ్లలో తక్కువ. నల్లగా పులిమే రోగులు మన దగ్గర తక్కువేం కాదు. ఒకసారి గుండెపోటు వచ్చిన మనిషిని బిందె ఎత్తనివ్వరు, మెట్లెక్కనివ్వరు, గట్టిగా నవ్వనివ్వరు. నడవమని డాక్టరు చెప్పిన మాట మంచం పక్కనే ఉండిపోతుంది.

భయపెడితే దారికొస్తారన్న ఆలోచన వైద్యులకూ ఉంది, సర్కారుకూ ఉంది. సిగరెట్ పెట్టె మీది బొమ్మలు చూడండి. లెవెంథల్ కెరీర్ మొదలైందీ భయం దగ్గరే. 1965లో యేల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు ధనుర్వాతం గురించి కరపత్రాలిచ్చారు. కొన్ని ఒళ్లు జలదరించేట్టు, కొన్ని మామూలుగా. భయపడ్డవాళ్లు టీకా వేయించుకోవాలని గట్టిగానే అనుకున్నారు. వెళ్లినవాళ్లు మాత్రం 3 శాతం. వెళ్లేలా చేసింది వేరే కాగితం. ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో చూపించే మ్యాపు, మీ వారంలో ఏ రోజు ఏ గంటకు వెళ్తారో ఆలోచించుకోమన్న సూచన. అది అందుకున్నవాళ్లలో దాదాపు 28 శాతం వెళ్లారు. వాళ్లందరికీ ఆ కేంద్రం ఎక్కడుందో ముందే తెలుసు.

మామయ్య కథే ఊపిరితిత్తుల్లోనూ నడుస్తుంది. న్యూయార్కులో ఆస్తమాతో ఆసుపత్రిలో చేరిన 198 మందిని అడిగితే సగానికి పైగా, 53 శాతం, ఆయాసం వచ్చినప్పుడే తమకు ఆస్తమా ఉన్నట్టని చెప్పారు. వాపు తగ్గించే ఇన్‌హేలర్ ఆయాసం లేని రోజుల్లో కూడా వాడాలి, అది రోజులు వారాల మీద పనిచేస్తుంది. వెంటనే గొట్టాలు తెరిచే ఇన్‌హేలర్ నిమిషాల్లో పనిచేస్తుంది. మనిషి ఏది దగ్గర పెట్టుకుంటాడో వేరే చెప్పాలా. క్షయ కూడా అంతే. దగ్గు కొన్ని వారాల్లోనే తగ్గుతుంది, మందులు ఆరు నెలలు వాడాలి. మిగతా నెలలు మనిషి తనకు లేని జబ్బుకు మందు మింగుతున్నట్టే.

ఇక మందు మీదే నమ్మకం. లండన్ పరిశోధకుడు రాబ్ హార్న్ దీన్ని రెండు పళ్లేల త్రాసుగా చూపించాడు. ఒక పళ్లెంలో 'ఇది నాకు అవసరం', రెండో పళ్లెంలో 'ఇది నన్నేం చేస్తుందో'. మన రెండో పళ్లెం నిండా సామాను ఉంటుంది. ఇంగ్లీషు మందులు వేడి. కిడ్నీలు పోతాయి. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం. ఇన్సులిన్ అంటే ఇక అయిపోయినట్టే. వీటిలో కొన్నిటికి కొంత ఆధారం ఉండొచ్చు. బీపీని వదిలేస్తే కిడ్నీలు పోతాయన్నది మాత్రం ఆ పళ్లెంలో ఎవరూ వేయరు. భయానికి ఎంత బరువుంటుందో చూపించిన ప్రయోగం ఒకటి 2020లో వచ్చింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్ళలు పడటం లేదని మానేసిన 60 మందికి లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు పన్నెండు సీసాలిచ్చారు. నాలుగింట్లో స్టాటిన్, నాలుగింట్లో మందు లేని పిండి బిళ్ళలు, నాలుగు ఖాళీవి. నెలకొక సీసా. స్టాటిన్ నెలల్లో పడ్డ బాధలో 90 శాతం పిండి బిళ్ళల నెలల్లోనూ పడ్డారు. ఒళ్లునొప్పులు నిజమైనవే, కారణం చాలామటుకు బిళ్ళలోని మందు కాదు. తమ సొంత లెక్క తమ చేతికిచ్చి చూపించాక వాళ్లలో సగం మంది స్టాటిన్ మళ్లీ మొదలుపెట్టారు. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికన్నా నచ్చింది ఆ చివరి భాగమే. రోగికి ఉపన్యాసం ఇవ్వలేదు, లెక్క చూపించారు.

నమ్మకం అనగానే మూఢనమ్మకం అని తోసిపారేయడం చదువుకున్నవాళ్లకున్న మూఢనమ్మకం. ఆటలమ్మ పోసినప్పుడు గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు, తాలింపు వేసేవాళ్లు కాదు, తలంటి పోసేదాకా పిల్లవాణ్ణి గడప దాటనిచ్చేవాళ్లు కాదు. వేపమండ చూసి పక్కింటివాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్లు. వైరస్ ఊసే లేకుండా అంటువ్యాధికి చేయాల్సిన పని జరిగిపోయింది. జ్వరం తగ్గకపోయినా, పిల్లవాడు మత్తుగా పడి ఉన్నా అమ్మవారికి కోపమొస్తుందని ఆసుపత్రికి తీసుకెళ్లకపోతే అదే నమ్మకం ప్రాణం తీస్తుంది. 'వేడి చేస్తుంది' అన్న మాటా అంతే. మందు వేడి చేస్తుందన్న రోగికి, వేడి అనేదే లేదు పొమ్మన్న డాక్టరు ఒక రోగిని పోగొట్టుకుంటాడు. మజ్జిగ తాగుతూ వేసుకోమన్న డాక్టరుకు పోయేదేం లేదు.

అమెరికన్ వైద్యుడు, మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ 1978లో సహచరులతో కలిసి రాసిన వ్యాసంలో, రోగిని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఇచ్చాడు. మీకు ఈ జబ్బు ఎందుకొచ్చిందనుకుంటున్నారు? అప్పుడే ఎందుకు మొదలైంది? దీనివల్ల మీకు దేని గురించి ఎక్కువ భయం? రెండు నిమిషాల పని. మన ఓపీల్లో వరస ఎంత పొడుగుంటుందో నాకూ తెలుసు. కానీ ఆ రెండు నిమిషాలూ పెట్టకపోతే రాసిన చీటీ జేబులో నెలన్నర బతుకుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ బిళ్ళలు ఉచితంగానే ఇస్తున్నారు. ధర అడ్డం కానిచోట కూడా బిళ్ళ గొంతు దిగడం లేదంటే అడ్డం ఇంకేదో ఉంది. దీర్ఘకాలిక జబ్బుల మందులను సరిగ్గా వాడేది సంపన్న దేశాల్లో కూడా సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది.

ఆ ప్రశ్నలు మామయ్యను అడిగింది డాక్టరు కాదు, ఆయన కూతురు. హైదరాబాదు నుంచి వస్తూ బీపీ మెషీను తెచ్చింది. "నాన్నా, మెడ లాగితే పెరిగినట్టేనంటున్నావు గదా. పరీక్ష పెడదాం" అంది. పరీక్ష అంటే ఆయన కాదనలేడు. పాత రూళ్ల నోట్సులో రెండు గడులు గీశారు. పట్టీ కట్టుకోకముందు ఒక గడిలో అంచనా రాయాలి, తర్వాత రెండో గడిలో మెషీను అంకె. (వర్జీనియా విశ్వవిద్యాలయంలో షుగర్ రోగులకు ఇలాగే, ముందు అంచనా తర్వాత కొలత అంటూ శిక్షణ ఇచ్చారని నాకు తర్వాత తెలిసింది. మా మరదలికి ఇప్పటికీ తెలియదు.) మూడు వారాలు రాశాడు. మెడ లాగిన నాలుగు రోజుల్లో రెండు రోజులు అంకె మామూలు కన్నా తక్కువే. అన్నిటికన్నా ఎక్కువ, 168, వచ్చిన రోజు పక్కన ఆయన చేతిరాతలోనే 'హాయిగా ఉంది' అని ఉంది.

ఒప్పుకున్నాడా అంటే, లేదు. మెషీనుదే తప్పని దాన్ని సంచిలో వేసుకెళ్లి ఆర్‌ఎంపీ దగ్గరున్న మీటరుతో వారం పాటు పోల్చి చూశాడు. రెండూ ఒకటే చెప్పాయి. ఆ తర్వాత ఒక రోజు అట్ట జేబులోంచి వంటింట్లోకి మారింది, కాఫీపొడి డబ్బా పక్కకు. ఎవరూ ఏమీ అనలేదు. పొద్దున కాఫీ గ్లాసుతో పాటు అత్తయ్య ఒక బిళ్ళ చేతిలో పెడుతుంది, ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే మింగుతాడు. ఇప్పుడు నెలకు మూడు అట్టలవుతున్నాయి. మెడ అలాగే లాగుతోంది. దానికి అమృతాంజనం రాసుకుంటున్నాడు.